వూకామర్స్‌లో ఆప్షన్ రూల్స్: 30 దాటాక అసలు పరీక్ష

నమస్కారం అండీ. వూకామర్స్ అంటే వర్డ్‌ప్రెస్ సైట్‌లో ఆన్‌లైన్ షాపు నడిపే ప్లగిన్. కస్టమర్ తనకు నచ్చినట్టు మార్చుకునే ప్రోడక్ట్‌కి అందులో ఆప్షన్ రూల్స్, అంటే ఏ ఆప్షన్‌తో ఏది కుదరదో చెప్పే నియమాలు, పెట్టడం ఎలా ఉందో ఈ వీడియోలో చూద్దాం. ఈ రూల్స్ కోసం వేరే ప్లగిన్ ఏమీ వేయలేదు, వూకామర్స్‌తో పాటు వచ్చిందే వాడాను.

స్క్రీన్ మీద ఉన్నది ఒక టేబుల్. పైపలకలు 4 రకాలు, సైజులు 4, కాళ్లు 3 రకాలు. మొత్తం 48 కాంబినేషన్లు. అయితే గాజు పలక పెద్ద సైజులు రెండింటికీ సన్నటి ఇనుప కాళ్లు పనికిరావు. ఆ రెండు కాంబినేషన్లూ కస్టమర్ ఎంచుకోలేకుండా చేయాలి.

ఇక్కడ రూల్స్ అని వేరే పేజీ ఉండదు. ఒక్కో కాంబినేషన్‌ని వూకామర్స్ వేరియేషన్ అంటుంది. అమ్మని వేరియేషన్ డిలీట్ చేస్తే అదే రూల్. ధర రాయని వేరియేషన్ కూడా కస్టమర్‌కి రాదు. ఏదైనా ఆప్షన్ ఎందుకు మాయమైందో అర్థం కాకపోతే ముందు ధర గడి చూడండి.

ఇప్పుడు 46 మిగిలాయి. గాజు, పెద్ద సైజు ఎంచుకుంటున్నా. చూశారా, ఇనుప కాళ్లు ఇంకా జాబితాలోనే ఉన్నాయి! నొక్కితే, మీరు ఎంచుకున్నదానికి సరిపోయే ప్రోడక్ట్ లేదు అని మెసేజ్. కారణం ఏంటంటే, వేరియేషన్లు 30 వరకే పేజీతో పాటు ముందే లోడ్ అవుతాయి. దాటితే మూడు ఆప్షన్లూ ఎంచుకున్నాకే సర్వర్‌ని అడుగుతుంది. అన్నీ ఓపిగ్గా ఎంచుకున్న మనిషికి చివర్లో కుదరదు అని చెప్పడం నాకు అస్సలు నచ్చలేదు.

ఎజాక్స్ వేరియేషన్ థ్రెషోల్డ్ అనే ఫిల్టర్‌తో, అంటే వూకామర్స్ పనితీరుని మార్చే చిన్న కోడ్‌తో, ఆ 30ని 50 చేశాను. ఇప్పుడు ఇనుప కాళ్లు జాబితాలోంచి పోయాయి. 46కి ఇది చాలు. వందల్లో ఉంటే మాత్రం పేజీ బరువెక్కుతుంది, అప్పుడు రూల్స్ ప్లగిన్ తీసుకోండి.

ఇంకో చిక్కు. ముందే ఇనుప కాళ్లు, పెద్ద సైజు ఎంచుకుంటే పలకల జాబితాలో గాజే కనిపించదు. కాళ్లో సైజో మార్చితే, లేదా క్లియర్ నొక్కితేనే తిరిగి వస్తుంది. అందుకే డిఫాల్ట్ విలువలు, అంటే ముందే ఎంచి ఉంచే ఆప్షన్లు, పెట్టకండి. పెడితే పేజీ తెరిచేసరికే కొన్ని ఆప్షన్లు దాగిపోయి ఉండొచ్చు, అసలు ఉన్నాయనే కస్టమర్‌కి తెలియదు.

పేరు చెక్కించుకునే గడి లాంటివి ప్లగిన్‌తో పెడితే ఒక్క టెస్ట్ తప్పకుండా చేయండి. చెక్క పలక ఎంచుకుని పేరు రాయండి. తర్వాత గాజుకి మార్చండి. గడి మాయమవుతుంది, బాగానే ఉంది. కానీ కార్ట్ తెరవండి. నేను వాడిన ఒక ప్లగిన్‌లో ఆ పేరు, దాని అదనపు ధర కార్ట్‌లోకి వచ్చేశాయి. కస్టమర్ అడగనిదానికి డబ్బు తీసుకున్నట్టే కదా! దాచిన గడిలోని విలువను తుడిచేయని ప్లగిన్‌ని, మిగతా ఫీచర్లు ఎన్ని ఉన్నా, నేను వాడమని చెప్పను.

నా మాట ఇదీ: 30 లోపు వేరియేషన్లయితే వూకామర్స్‌లో ఉన్నదే హాయిగా సరిపోతుంది. ఆ పైన కొంచెం ఉంటే ఈ ఫిల్టర్ చాలు, వందల్లో ఉంటే ఈ కార్ట్ టెస్ట్ పాసైన ప్లగిన్‌కే డబ్బు పెట్టండి. నేను వాడిన ఫిల్టర్ కోడ్ ఇప్పుడు స్క్రీన్ మీద పెడుతున్నా, పాజ్ చేసి రాసుకోండి.