సర్టిఫికెట్ మీద ఎన్ని రోజులని ఉంది? అధ్యాపకుల, సిబ్బంది శిక్షణపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: చెన్నైలోని తెలుగు శ్రోతలందరికీ నమస్కారం. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేసే అధ్యాపకులకూ ఆఫీసు సిబ్బందికీ జరిగే శిక్షణల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి అధ్యాపక శిక్షణలో నిపుణురాలు స్టూడియోకి వచ్చారు. మొదటి ఫోన్ తాంబరం నుంచి. చెప్పండి.

శ్రోత (తాంబరం): నమస్కారం మేడం. ఎయిడెడ్ కాలేజీలో కామర్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పీహెచ్‌డీ ఉంది, చేరి నాలుగేళ్లు నిండుతున్నాయి. జీతం లెవెల్ 10 నుంచి 11కి ప్రమోషన్ కోసం అప్లికేషన్ పెట్టుకోవాలి. నా దగ్గర పదకొండు ఎఫ్‌డీపీ, అంటే అధ్యాపక అభివృద్ధి కార్యక్రమాల సర్టిఫికెట్లు ఉన్నాయి, సరిపోతాయా?

నిపుణురాలు: పదకొండులో ఐదు రోజులు, ఆపైన జరిగినవి ఎన్నండీ?

శ్రోత: రెండే మేడం. మిగతావి రెండు రోజులవి, మూడు రోజులవి.

నిపుణురాలు: ఓరియెంటేషన్ చేశారా?

శ్రోత: ఇంకా లేదు.

నిపుణురాలు: అయితే ముందు దాని సంగతి చూడాలి సార్. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉన్నవారికి నాలుగేళ్లు, ఎం.ఫిల్ ఉంటే ఐదు, రెండూ లేకపోతే ఆరేళ్ల సర్వీసు కావాలి. శిక్షణ వైపు రెండు షరతులున్నాయి. బోధనా పద్ధతుల మీద 21 రోజుల ఓరియెంటేషన్ తప్పనిసరి. దానికి తోడు ఒక రిఫ్రెషర్ కోర్సు గానీ రీసెర్చ్ మెథడాలజీ కోర్సు గానీ చేసి ఉండాలి. అవి లేకపోతే కనీసం ఐదు రోజుల చొప్పున రెండు వర్క్‌షాపులో ఎఫ్‌డీపీలో ఉన్నా చాలు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న మూక్ అనే ఆన్‌లైన్ కోర్సు ఒకటైనా సరిపోతుంది. మీ రెండు ఐదు రోజుల ఎఫ్‌డీపీలతో రెండో షరతు తీరింది. మొదటిది మాత్రం ఎన్ని ఎఫ్‌డీపీలు పెట్టినా తీరదు.

శ్రోత: మూడు రోజులవి రెండు కలిపితే ఆరు రోజులు అవుతాయి కదా మేడం?

నిపుణురాలు: కలపరండీ. ఒక్కో కార్యక్రమం ఐదు రోజులకు తగ్గకూడదని నిబంధనలోనే ఉంది. పై మెట్టు, అంటే 11 నుంచి 12కి వెళ్లేటప్పుడు మాత్రం పది రోజుల కోర్సు ఒకటి చూపించాల్సిన చోట ఐదు రోజులవి రెండు పెట్టుకోనిస్తారు. అక్కడ కూడా ఐదుకు తక్కువైతే లెక్కలోకి రాదు.

వ్యాఖ్యాత: ఓరియెంటేషన్‌కి ఈయన ఎక్కడ చేరాలండీ?

నిపుణురాలు: మొన్నమొన్నటి దాకా హెచ్‌ఆర్‌డీసీలు, అంటే మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు అన్నవే ఇప్పుడు మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలయ్యాయి. 2023 సెప్టెంబరు 5న మాలవీయ మిషన్ వచ్చాక ఈ పేరు పెట్టారు. ఇక్కడ మద్రాసు యూనివర్సిటీలో ఒకటుంది. అక్కడ సీటు దొరక్కపోతే వేరే రాష్ట్రం కేంద్రంలోనైనా చేరవచ్చు. కొత్తగా చేరినవారికి నడిపే గురుదక్షత అనే నెల రోజుల ఇండక్షన్ కార్యక్రమం కూడా ఓరియెంటేషన్ కిందే వస్తుంది. జాతీయ విద్యావిధానం మీద నడిపే వారం రెండు వారాల ‘ఎన్‌ఈపీ ఓరియెంటేషన్’ వేరు సార్. పేరులో ఓరియెంటేషన్ అని ఉన్నా అది 21 రోజులది కాదు. ఈ రెండింటి దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. తీరా స్క్రీనింగ్ కమిటీ ముందు కూర్చున్నాక తెలిస్తే బాధ కదా.

శ్రోత: కాగితాలు ఏవి దగ్గర పెట్టుకోవాలి మేడం?

నిపుణురాలు: సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. కార్యక్రమం బ్రోషర్, రోజువారీ షెడ్యూలు, ప్రిన్సిపాల్ ఇచ్చిన ముందస్తు అనుమతి, ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డరు, తిరిగి చేరిన రిపోర్టు, ఈ ఐదూ సర్టిఫికెట్‌తో కలిపి కుట్టి పెట్టండి. సర్టిఫికెట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో ఉందా, సర్వీసు రిజిస్టరులో ఉన్నట్టే పేరూ ఇనిషియలూ ఉన్నాయా అని అందిన రోజే చూసుకోండి. తమిళనాడులో ఇనిషియల్ ముందుంటుంది, మనవాళ్లకు ఇంటిపేరు వేరుగా ఉంటుంది. పోర్టల్‌లో ఒకలా, ఆఫీసులో ఒకలా పడితే దాన్ని సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది. ఇంకొకటి. రోజంతా హాజరవ్వాల్సిన కోర్సు చేశానని చూపించి, అవే తేదీల్లో కాలేజీ అటెండెన్స్ రిజిస్టరులో క్లాసు తీసుకున్నట్టు సంతకం ఉంటే ఆ కోర్సును పక్కన పెడతారు.

వ్యాఖ్యాత: పూందమల్లి నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు.

శ్రోత (పూందమల్లి): మేడం, ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరాను. ఎన్‌పీటీఈఎల్, అటల్, ఎన్‌ఐటీటీటీ అని ముగ్గురు మూడు చెబుతున్నారు. ఏది చేయాలి?

నిపుణురాలు: కొత్తగా చేరారు కాబట్టి ఎన్‌ఐటీటీటీతో మొదలుపెట్టండమ్మా. సాంకేతిక విద్యలో కొత్త అధ్యాపకుల కోసం సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పెట్టిన ఎనిమిది మాడ్యూళ్ల శిక్షణ అది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదవాలి. దీన్ని నడిపించే సాంకేతిక అధ్యాపక శిక్షణ సంస్థ ఎన్‌ఐటీటీటీఆర్ మన తరమణిలోనే ఉంది, 1964 నుంచి ఉన్న సంస్థ. ఎనిమిదీ ఒక్క సెమిస్టర్‌లో ముగించాలని చూడకండి. క్లాసులు, ల్యాబులు, ఇంటర్నల్ మార్కుల మధ్య ఒకసారికి రెండు మూడు తీసుకుంటేనే పరీక్షల్లో గట్టెక్కుతారు.

ఏఐసీటీఈ వాళ్లే నడిపే అటల్ ఎఫ్‌డీపీ వారంలో అయిపోతుంది. 80 శాతం హాజరు ఉండాలి, చివరి పరీక్షలో 70 శాతం రావాలి. ఊరికే కూర్చుని వస్తే సర్టిఫికెట్ రాదు.

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు ఉండే ఎన్‌పీటీఈఎల్ సంగతి కాస్త వివరంగా చెప్తాను. అందులో ఎఫ్‌డీపీగా గుర్తించిన కోర్సుల జాబితా విడిగా ఉంటుంది. అందులో నాలుగు వారాల కోర్సును అర ఎఫ్‌డీపీగా, ఎనిమిది వారాలదాన్ని ఒకటిగా, పన్నెండు వారాలదాన్ని ఒకటిన్నరగా లెక్కిస్తారు. మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పాసు కావాలంటే 25కి 10, 75కి 30, రెండూ విడివిడిగా రావాలి. పన్నెండు వారాల్లో మంచివి ఎనిమిది అసైన్‌మెంట్లు, ఎనిమిది వారాల్లో ఆరు, నాలుగు వారాల్లో మూడు లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి ఒకటి రెండు వారాలు తప్పినా కంగారు పడకండి.

శ్రోత: కిందటి సారి చేరాను మేడం, అసైన్‌మెంట్లన్నీ చేశాను. సర్టిఫికెట్ రాలేదు.

నిపుణురాలు: పరీక్షకు విడిగా రిజిస్టర్ చేశారా?

శ్రోత: అది వేరేగా చేయాలా?

నిపుణురాలు: చేయాలమ్మా. కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకు మళ్లీ ఫారం నింపి, ఫీజు కట్టి, సెంటర్ ఎంచుకుని, అక్కడికి వెళ్లి రాయాలి. జనవరిలో మొదలయ్యే విడత ఒకటి, జూలైలో మొదలయ్యేది ఒకటి ఉంటాయి. చేరిన రోజే పరీక్ష రిజిస్ట్రేషన్ ఆఖరు తేదీని ఫోనులో పెట్టుకోండి. కష్టపడి చదివింది ఒక ఫారం దగ్గర పోతే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

వ్యాఖ్యాత: పెరంబూరు నుంచి కాలేజీలో నాణ్యత చూసుకునే ఐక్యూఏసీ విభాగం సమన్వయకర్త ఒకరు ఫోన్ చేశారు.

శ్రోత (పెరంబూరు): మేడం, మా కాలేజీలోనే ఐదు రోజుల ఎఫ్‌డీపీ పెట్టాలనుకుంటున్నాం. ముప్పై మంది ఉన్నారు. కిందటి ఏడాది బయటి నుంచి రోజుకు ముగ్గురు వక్తలను పిలిచాం. మూడో రోజుకి హాలు సగం ఖాళీ అయింది.

నిపుణురాలు: రోజుకు ఆరు గంటలు పీపీటీలు చూపిస్తే ఎవరూ కూర్చోలేరండీ. క్లాసులో ఉపన్యాసం తగ్గించండని చెప్పడానికే ఉపన్యాసాలు పెడుతున్నాం, అక్కడే శిక్షణ ఓడిపోతోంది. మీ దగ్గర ముప్పై మందే ఉండటం మంచిదైంది. మైక్రోటీచింగ్ పెట్టండి, అంటే కొద్ది నిమిషాల చిన్న పాఠం చెప్పి, అభిప్రాయాలు విని, దిద్దుకుని మళ్లీ చెప్పడం.

శ్రోత: పెట్టాలని ఉంది, కానీ సమయం చాలదు మేడం.

నిపుణురాలు: లెక్కేసి చూద్దాం. మన దేశంలో వాడే పద్ధతిలో ఒక చక్రం 36 నిమిషాలు. 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు అభిప్రాయాలు, 12 నిమిషాలు పాఠాన్ని మళ్లీ సిద్ధం చేసుకోవడం, 6 నిమిషాలు మళ్లీ బోధన, 6 నిమిషాలు మళ్లీ అభిప్రాయాలు. ముప్పై మందినీ ఒకే గదిలో పెడితే 18 గంటలు పడుతుంది, అది జరిగే పని కాదు. ఆరుగురు చొప్పున ఐదు గదులు చేయండి. ఇద్దరిద్దరిని జతపరచండి. మొదటివారు పాఠం తిరిగి సిద్ధం చేసుకునే 12 నిమిషాల్లో రెండోవారు బోధించి అభిప్రాయాలు వింటారు. తర్వాతి 12 నిమిషాల్లో మొదటివారు మళ్లీ బోధిస్తారు, రెండోవారు సిద్ధం చేసుకుంటారు. అలా జతకు 72 నిమిషాల బదులు 48 చాలు. గదికి మూడు జతలు కాబట్టి 144 నిమిషాలు, అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. మధ్యలో ఒక టీ విరామం ఇచ్చినా ఒక పూటలో అయిపోతుంది.

శ్రోత: మిగతా నలుగురూ విద్యార్థులుగా కూర్చుంటారా?

నిపుణురాలు: ముగ్గురు విద్యార్థులు, ఒకరు గడియారం పట్టుకుంటారు. గదికి ఒక సీనియర్ పరిశీలకుడిగా ఉండాలి. ఒక్కొక్కరూ ఒక్క నైపుణ్యమే సాధన చేయాలి. ప్రశ్నలు వేయడమో, ఉదాహరణలు ఇవ్వడమో, బోర్డు వాడకమో ఒకటి చాలు. అభిప్రాయం చెప్పేటప్పుడు ‘బాగుంది’ అనే మాటను నిషేధించండి. ‘ఆరు నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు అడిగారు, మూడింటికి మీరే జవాబు చెప్పేశారు’ అని కంటికి కనబడ్డది చెప్పాలి. దాన్ని దిద్దుకోగలరు. తిరిగి బోధించే భాగాన్ని సమయం లేదని తీసేసే కాలేజీలు ఉన్నాయి. దయచేసి తీయకండి. మనిషి మారేది ఆ రెండో ఆరు నిమిషాల్లోనే.

ఒక పూట ప్రశ్నపత్రానికి ఇవ్వండి. వాళ్ల సొంత ఇంటర్నల్ పరీక్ష జవాబుపత్రాలే తెమ్మనండి. వంద పత్రాలుంటే ఎక్కువ మార్కులొచ్చిన 27, తక్కువ వచ్చిన 27 తీసుకోవాలి. ఒక బహుళైచ్ఛిక ప్రశ్నకు పైవాళ్లలో 20 మంది, కిందివాళ్లలో 9 మంది సరిగా రాశారనుకోండి. 54లో 29, అంటే ప్రశ్న ఎంత కష్టమో చెప్పే కాఠిన్య సూచిక 0.54, మధ్యస్థం. 20 లోంచి 9 తీసేసి 27తో భాగిస్తే, పైవాళ్లనీ కిందివాళ్లనీ ప్రశ్న ఎంత బాగా వేరుచేస్తోందో చెప్పే విచక్షణ సూచిక 0.41, మంచి ప్రశ్న. ఇంకో ప్రశ్నకు పైవాళ్లలో 9, కిందివాళ్లలో 14 వస్తే మైనస్ 0.19 అవుతుంది. అలాంటిచోట కీ తప్పయి ఉంటుంది, లేదా ప్రశ్నకు రెండు అర్థాలు వస్తుంటాయి. తాము వేసిన ప్రశ్నలోనే ఇది కనబడితే మూడో రోజైనా ఎవరూ హాలు వదిలి వెళ్లరు.

శ్రోత: ఎప్పుడు పెడితే మంచిది మేడం?

నిపుణురాలు: జూన్‌లో కాలేజీ తెరిచే ముందు వారం. నవంబరు, డిసెంబరు వద్దు, ఈశాన్య రుతుపవనాల వానలకు సెలవులు పడితే ఐదు రోజులది మూడైపోతుంది. అప్పుడు సర్టిఫికెట్ కూడా పనికిరాదు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ అంబత్తూరు నుంచి. సార్, మీరు బోధనేతర సిబ్బంది కదా?

శ్రోత (అంబత్తూరు): అవునండీ, యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుని. నలభై మంది క్లర్కులకు శిక్షణ ఇవ్వాలన్నారు. ‘వ్యక్తిత్వ వికాసం’ అని ఒకాయన్ని పిలుద్దామంటున్నారు.

నిపుణురాలు: వాళ్ల బల్లల మీద ఏ పని ఆగిపోతోందో అది నేర్పించండి సార్. మీకు ఫిర్యాదులు ఎక్కువ దేని మీద వస్తున్నాయి?

శ్రోత: సమాచార హక్కు దరఖాస్తుల మీద. జవాబుపత్రాలు అడుగుతుంటారు.

నిపుణురాలు: అయితే మొదటి శిక్షణ అదే. ఇరవై మంది చొప్పున రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు రెండు మధ్యాహ్నాలు పెట్టండి. అడ్మిషన్లు, ఫలితాల వారాలు వదిలేయండి, అప్పుడు కౌంటర్లు మూసేస్తే విద్యార్థులు అల్లాడిపోతారు. ముగిసిపోయిన పాత దరఖాస్తులు పది తీసి, పేర్లూ నంబర్లూ నల్లసిరాతో కొట్టేసి, జిరాక్స్ ఇవ్వండి. ముందు అందిన తేదీ వేయడం నేర్పాలి. 30 రోజుల గడువు అక్కడి నుంచే నడుస్తుంది. వేరే సంస్థకు సంబంధించినదైతే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో అక్కడికి పంపి, దరఖాస్తుదారుకు తెలపాలి. చాలా ఆఫీసుల్లో ‘మాకు సంబంధం లేదు’ అని తిప్పి పంపేస్తారు, అది తప్పు. ఆలస్యానికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 జరిమానా ఉంది. అది సంతకం పెట్టిన సమాచార అధికారి జేబులోంచి పోతుంది.

శ్రోత: మరి జవాబుపత్రం ఇవ్వాలా వద్దా? మా ఆఫీసు సెక్షన్‌లో తలా ఒక మాట అంటారు.

నిపుణురాలు: విద్యార్థి అడిగింది తన పత్రమైతే ఇవ్వాలి. సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. దిద్దినవారి పేరు, సంతకం కనబడకుండా మూసి ఇవ్వాలి. భద్రపరిచే గడువు దాటి పత్రాలు నాశనం చేసి ఉంటే ఏ ఆర్డరు ప్రకారం, ఏ తేదీన చేశారో రాయాలి, ‘లేదు’ అని ఒక్క ముక్కతో పంపకూడదు. శిక్షణలో ప్రతి క్లర్కూ రెండు జవాబులు చేత్తో రాయాలి, పక్కవారు దిద్దాలి. జవాబు చివర మొదటి అప్పీలు ఎవరికి, 30 రోజుల్లోపు చేసుకోవచ్చని రాశారా లేదా అన్నది చూడమనండి. ఎక్కువమంది మరిచిపోయేది ఆ వాక్యమే. శిక్షణ అయిన మూడు నెలలకు రిజిస్టరు తెరిచి, ఎన్ని దరఖాస్తులకు 30 రోజుల్లో జవాబు వెళ్లిందో, అంతకుముందు మూడు నెలల్లో ఎన్నింటికి వెళ్లిందో పక్కపక్కన వేసి మీ రిజిస్ట్రార్‌కి చూపించండి.

శ్రోత: మరి ఆ వ్యక్తిత్వ వికాసం ఆయన?

నిపుణురాలు: ఆ డబ్బుతో రెండు తేదీ ముద్రలూ ఒక మంచి స్కానరూ కొనండి సార్. వచ్చే, పోయే కాగితాలు రాసే ఆవకజావక రిజిస్టరు పక్కనే పెట్టండి.