కంపెనీ మారిన కోత మిషను: మొదటి పది ట్యాంకులు

శ్రోతలకు నమస్కారం.

ఎండిపోయిన చీనీ తోటలు తీసేయించే రైతులు, చింత మాన్లు కోసే కూలీలు, చెరువుల్లో సర్కారు తుమ్మ కంప కొట్టే కాంట్రాక్టర్లు. అనంతపురం, కడప, కర్నూలు వైపు వీళ్ళందరి చేతుల్లో ఇప్పుడు గొడ్డలి కంటే చెట్లు కోసే చెయిన్ మిషనే ఎక్కువ. ఏళ్ళ తరబడి ఒకే కంపెనీ మిషను పట్టినవాళ్ళు ఎందుకో ఒకందుకు ఇంకో కంపెనీకి మారతారు. మారిన రోజు సాయంత్రానికే చాలామంది నోట వచ్చే మాట, "పాతదే మేలు" అని. ఆ మాట అనేముందు ఏది మిషను తప్పు, ఏది మన చెయ్యి అలవాటు అన్నది విడదీసి చూసుకోవాలి. ఈ రోజు ప్రసంగం దాని గురించే.

మన దగ్గర ఎక్కువగా నడిచే పేర్లు రెండు. ఒకటి జర్మనీ నుంచి వచ్చిన స్టిల్, 1926లో మొదలైంది. రెండోది స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా. 1689లో తుపాకులు చేసే కార్ఖానాగా పుట్టి, 1959లో చెయిన్ మిషన్లలోకి దిగింది. రెండూ గట్టి మిషన్లే. అయితే ఒకదాని సామాను ఇంకోదానికి ఎక్కదు, ఒకదాని అలవాటు ఇంకోదానికి పనికిరాదు.

సామానుతోనే మొదలుపెడదాం. కొత్త మిషను ఇంటికి రాగానే మూలనున్న పాత బార్లూ, అంటే చెయిన్ తిరిగే పొడుగాటి ఉక్కు పలకలూ, పాత చెయిన్లూ దీనికి పనికొస్తాయా అని చూస్తాం. చాలావరకు రావు. బార్ తోక వైపు ఉండే గాడి వెడల్పు, ఆయిలు వచ్చే రంధ్రం చోటు కంపెనీని బట్టి మారతాయి. గాడి ఎలాగో పట్టినా ఆయిలు రంధ్రం కలవకపోతే బార్ ఎండుగా నడుస్తుంది. అరగంటలో అంచు నీలం రంగుకు తిరిగిపోతుంది. అలా నీలం తిరిగిన చోట ఉక్కు మెత్తబడినట్టే, ఆ బార్ ఇక ఎక్కువ రోజులు రాదు.

చెయిన్‌కు మూడు లెక్కలు చూడాలి. మొదటిది పిచ్, అంటే వరుసగా ఉండే మూడు రివెట్ల దూరంలో సగం. ప్రొఫెషనల్ మిషన్లలో పాయింట్ 325 అంగుళం గానీ, 3/8 అంగుళం గానీ ఉంటుంది. రెండోది గేజ్, అంటే బార్ గాడిలో దిగే లింకు మందం: 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు. మూడోది డ్రైవ్ లింకుల, అంటే ఆ గాడిలో దిగే లింకుల సంఖ్య. "పద్దెనిమిది అంగుళాల చెయిన్ ఇవ్వన్నా" అని అడిగితే సరిపోదు. పాయింట్ 325 పిచ్‌లో పద్దెనిమిది అంగుళాల బార్‌కు స్టిల్ చెయిన్‌లో 74 లింకులుంటాయి, హస్క్‌వర్నాకు 72. రెండు లింకులు ఎక్కువైతే టైటు స్క్రూ చివరిదాకా తిప్పినా చెయిన్ వేలాడుతూనే ఉంటుంది. గేజ్ తప్పితే ఇంకో తంటా. 1.6 గాడిలో 1.3 చెయిన్ వేస్తే అది ఒక పక్కకు వాలి, మొద్దులో కోత వంకరగా పోతుంది. కోత వంకర పోతోందని మిషను మీద కోపం తెచ్చుకోకుండా ముందు బార్ తోక మీద గుద్దిన అంకెలు చదవండి. పిచ్, గేజ్, లింకులు మూడూ అక్కడే ఉంటాయి.

ఇక కవరు సంగతి. కంపెనీ మారినవాళ్ళను మొదటి వారం ఎక్కువగా ఏడిపించేది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. స్టిల్ మిషన్లలో చెయిన్ బ్రేకు పట్టీ మిషను ఒంట్లోనే ఉంటుంది. పక్క కవరు ఉత్త మూత. బ్రేకు పడి ఉన్నా లేకపోయినా నట్లు విప్పి తీసేయొచ్చు, మళ్ళీ పెట్టేయొచ్చు. హస్క్‌వర్నాలో చాలా మోడళ్ళకు ఆ ఉక్కు పట్టీ కవరు లోపలే ఉంటుంది. క్లచ్ డ్రమ్ము చుట్టూ అది వదులుగా కూర్చోవాలి. పాత అలవాటు కొద్దీ ముందు గార్డును తోసి, బ్రేకు వేసి కవరు విప్పారనుకోండి. పట్టీ బిగుసుకుపోయిన వలయంలా ఉంటుంది, తిరిగి డ్రమ్ము మీదికి ఎక్కదు. సుత్తి తీసుకుని కొట్టినా ఎక్కదు, కవరు మాత్రం పగులుతుంది. కాబట్టి ఆ మిషన్లలో ముందు గార్డును వెనక్కి లాగి బ్రేకు వదిలించాలి, తర్వాతే నట్లు విప్పాలి. మరిచిపోయి విప్పేస్తే కంగారేమీ లేదు. గార్డు పిడిని కవరు లోపలి మీటకు సరిగా కలిపి వెనక్కి తిప్పితే పట్టీ వదులవుతుంది. స్ప్రింగు గట్టిది, వేళ్ళు జాగ్రత్త.

స్టార్టింగు విషయంలోనూ ఇలాంటి పేచీయే. స్టిల్‌లో అన్నీ ఒకే మీట మీద నడుస్తాయి. పూర్తిగా కిందికి దించితే చల్లటి ఇంజన్‌కు, ఒక మెట్టు పైకి తెస్తే వేడి ఇంజన్‌కు, ఆ పైన నడిచే స్థానం, అన్నిటికంటే పైన ఆపు. హస్క్‌వర్నాలో చోక్ మీట వేరు, ఆపే స్విచ్ వేరు. స్విచ్ నొక్కి వదిలితే చాలా మోడళ్ళలో తనంతట తానే ఆన్‌కు తిరిగి వస్తుంది. చోక్ పూర్తిగా లాగి, పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డి ఉంటే అయిదారుసార్లు నొక్కి, తాడు తేలిగ్గా రావడానికి ఉండే డీకంప్రెషన్ బటన్ నొక్కి, మిషను నేల మీద పెట్టి తాడు లాగాలి. ఒక్కసారి 'టప్' మని దగ్గుతుంది చూడండి, ఆ దగ్గుతోనే చోక్ లోపలికి తోసేయాలి. దగ్గు వినకుండా ఇంకో పదిసార్లు లాగితే ప్లగ్గు తడిసిపోతుంది. అప్పుడు ప్లగ్గు విప్పి ఆరబెట్టి, ఆక్సిలేటరు పూర్తిగా నొక్కి పట్టుకుని నాలుగైదుసార్లు తాడు లాగి, మళ్ళీ బిగించాలి. ప్లగ్గు గ్యాపు అర మిల్లీమీటరు. స్టార్టు చేసేటప్పుడు చెయిన్ బ్రేకు వేసే ఉంచాలి. పట్టుకోగానే ఆక్సిలేటరు ఒక్కసారి తట్టి ఐడిల్‌కు దించి, బ్రేకు వదలాలి. బ్రేకు వేసి ఉండగా రేజ్ చేస్తే క్లచ్ కాలిపోతుంది.

మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండలో ఇంకో చిక్కుంది. ట్యాంకు అయ్యేదాకా గట్టిగా కోసి, టపీమని స్విచ్ నొక్కి ఆపేస్తారు. గాలి ఆగిపోతుంది, సిలిండరు వేడి కార్బొరేటరుకు పాకుతుంది, పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పది నిమిషాల తర్వాత లాగితే పట్టుకోదు. కొత్త మిషను వేడి మీద స్టార్టు కావడం లేదని చెప్పేవాళ్ళలో చాలామంది కథ ఇదే. ఆపే ముందు అర నిమిషం నుంచి నిమిషం దాకా ఐడిల్‌లో ఉంచండి, నీడలో పెట్టండి. ట్యాంకు మూత ఒక్కసారిగా తిప్పకండి. లోపలి ఒత్తిడికి పెట్రోలు చిమ్ముతుంది, ఎదురుగా వేడి సైలెన్సరు ఉంటుంది.

పెట్రోలు దగ్గర కంపెనీ ఏదైనా దాదాపు ఒకటే మాట. మంచి టూ స్ట్రోక్ ఆయిలయితే యాభైకి ఒకటి, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, అయిదు లీటర్ల డబ్బాకు 100. మిషను కంపెనీ చెప్పిన రకం కాకుండా వేరే మామూలు టూ స్ట్రోక్ ఆయిలు పోసేట్టయితే స్టిల్‌కు ఇరవై అయిదుకు ఒకటి, అంటే లీటరుకు 40; వేరే కంపెనీ అయితే దాని పుస్తకం చూసుకోండి. బాటిలు మూతతో అంచనాకు పోయడం మానేసి, మెడికల్ షాపులో దొరికే సిరంజితో కొలవండి. ఇక ఎథనాల్. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటోంది. చాలా మిషన్ల పుస్తకాల్లో 10 శాతం దాకానే ఒప్పుకుంటామని రాసి ఉంటుంది, మీ పుస్తకం తెరిచి చూసుకోండి. ఎథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కార్బొరేటరులోని పలచని రబ్బరు పొరలు గట్టిపడతాయి, పెట్రోలు పైపు పగుళ్ళిస్తుంది. కలిపిన పెట్రోలు రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే ఉంచుకోండి. వారం రోజులు పని లేదంటే ట్యాంకు వంచేసి, మిగిలిన చుక్క అయిపోయేదాకా ఐడిల్‌లో నడపండి.

ఇప్పుడు కోత. కొత్త మిషనుతో మొదటి గంట వెన్న కోసినట్టు పోయి, రెండో గంటకే పొగ, పొడి వస్తుందని గొణుగుతారు. తప్పు ఇంజనుది కాదు, పెట్టెలో వచ్చిన చెయిన్ రకానిది. పంటి మూల చదరంగా, పదునుగా ఉంటే అది ఫుల్ చిజెల్. పచ్చి, శుభ్రమైన కొయ్యలో దానికి సాటి లేదు. మూల కొంచెం గుండ్రంగా ఉంటే సెమీ చిజెల్. వేగం కాస్త తక్కువ, మొన మాత్రం దుమ్ముకు ఓర్చుకుంటుంది. మన ఎండు చీనీ మొదళ్ళ చుట్టూ మట్టి ఉంటుంది, తుమ్మ బెరడు పగుళ్ళలో ఇసుక దూరి ఉంటుంది, ఊరి వేప మానులో ఎవరో ఎప్పుడో కొట్టిన మేకులుంటాయి. చేను గట్టున నాటిన కడప బండకు ఒక్కసారి తగిలితే పంటి మొన పోతుంది. ఈ పనికి సెమీ చిజెల్ చెయినే తీసుకోమంటాను. పాత మిషనుకు అదే వేసి, కొత్తదానికి ఫుల్ చిజెల్ వేసి రెండూ పోల్చడం న్యాయం కాదు.

ఆకురాయి సైజూ మారొచ్చు. పాయింట్ 325కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. 3/8కు కంపెనీని బట్టి 5.2 గానీ 5.5 గానీ. కోణం మామూలుగా 30 డిగ్రీలు. ఎండు తుమ్మకు 25కు తగ్గిస్తే మొన కొంత ఎక్కువసేపు నిలుస్తుంది. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే రుద్దాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి. ప్రతి పంటికీ అన్నే రుద్దులు. పంటి ముందుండే బొడిపె పంటి కంటే 0.65 మిల్లీమీటరు కిందికి ఉండాలి. అది చూసే చిన్న రేకు గేజ్ దొరుకుతుంది. తొందర కోసం బొడిపె ఎక్కువ అరగదీస్తే మిషను మొద్దును గుంజుతుంది, చేతులు అదురుతాయి, క్లచ్ మీద భారం పడుతుంది. రాలే పొట్టు చూస్తే పదును తెలిసిపోతుంది. జొన్న రవ్వలాంటి ముక్కలు రాలితే సరే, పిండి రాలితే ఆకురాయి తీయండి.

చెయిన్ ఆయిలు గురించి ఒక్క మాట. బైకు నుంచి దించిన నల్ల ఆయిలు పోయొద్దు. అందులోని ఇనుప రజను పంపును అరగదీస్తుంది. సరిగా వస్తోందా లేదా అన్నది ఇలా చూడండి: బార్ కొసను ఎండు మొద్దుకు జానెడు దూరంలో పట్టి, ముప్పావు ఆక్సిలేటరులో నిమిషం ఉంచితే మొద్దు మీద ఆయిలు గీత పడాలి. ఒక ట్యాంకు పెట్రోలు అయ్యేసరికి ఆయిలు కూడా దాదాపు అయిపోవాలి. సగం మిగిలితే దారి ఎక్కడో మూసుకుపోయినట్టు.

చేతికి తెలిసే తేడాలు ఇంకొన్ని ఉన్నాయి. యాభై సీసీ మిషను బార్ లేకుండా అయిదు కిలోల చుట్టూ తూగుతుంది, డెబ్బై సీసీది ఆరు, ఆరున్నర. బార్, చెయిన్, పెట్రోలు, ఆయిలు కలిస్తే ఇంకో రెండు కిలోలు. అదురు ఆపడానికి రబ్బరు దిమ్మలు పెట్టిన మిషను నుంచి ఉక్కు స్ప్రింగుల మిషనుకు మారితే పిడి ఊగుతున్నట్టు, వదులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. అది లోపం కాదు. ఆ ఊగుడే అదురును చేతి దాకా రానివ్వదు. శబ్దం సంగతీ అంతే. పాత కార్బొరేటరు మిషన్లకు ఖాళీగా ఫుల్ రేజ్ చేస్తే గరగర మంటుంది, కొయ్యలో దిగగానే గొంతు శుభ్రపడుతుంది, కార్బొరేటరు స్క్రూలు ఆ గొంతు విని తిప్పేవాళ్ళం. ఆటోట్యూన్, ఎం-ట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ రకాల్లో తిప్పడానికి ఆ స్క్రూలే ఉండవు. పెట్రోలు, గాలి పాళ్ళు మిషనే సర్దుకుంటుంది. మొదటి కొన్ని కోతల్లో గొంతు అటూ ఇటూ మారినా ఓపిక పట్టాలి. ఖాళీగా రేజ్ చేసి పరీక్షించకండి, కోస్తూ నడపండి.

కొత్త చెయిన్ సాగుతుంది. మొదటి అయిదు నిమిషాలకు ఒకసారి, తర్వాత ప్రతి ట్యాంకుకూ చూసుకోవాలి. బిగించేటప్పుడు బార్ కొసను పైకి ఎత్తి పట్టుకునే బిగించాలి. చెయిన్ బార్ కింది అంచుకు ఆనాలి, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. వేడి మీద బిగించి అలాగే ఇంటికి తెచ్చిపెడితే రాత్రికి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ బిగువు క్రాంకు బేరింగు మీద పడుతుంది. పని అయ్యాక కొంచెం వదులు చేసి పెట్టండి.

లుంగీ, రబ్బరు చెప్పులతో మిషను పట్టేవాళ్ళకు ఈ ఎండలో మందపాటి రక్షణ ప్యాంటు వేసుకోమంటే నవ్వుతారని తెలుసు. కనీసం బూట్లు, జాలీ ఉన్న హెల్మెట్ తప్పనిసరి. ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి ఉండాలి. బార్ కొస పై సగం దేనికీ తగలకూడదు, మిషను మొహం మీదికి ఎగిరేది అక్కడినుంచే. ఇంకోటి, సొంత పొలంలోని చెట్టయినా 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి అవసరమా కాదా అని ముందు కనుక్కోండి. ఎర్రచందనం జోలికి పోతే మిషనుతో పాటు మనిషీ లోపలికి పోతాడు.

కొనేముందు డీలరును ధర ఒక్కటే అడక్కండి. పెట్రోలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, స్టార్టరు తాడు, దాని స్ప్రింగు, స్ప్రాకెట్టు, ఆయిలు పంపు, ఇవి ఈ రోజు షాపులో ఉన్నాయా అని అడగండి. ఒక్కో భాగం కోసం బెంగళూరో హైదరాబాదో ఫోను చేయాల్సి వస్తే ఎంత మంచి మిషనయినా మూలన కూర్చుంటుంది.

పది ట్యాంకులు నడిచాక సైలెన్సరు బోల్టులు, పిడి స్క్రూలు బిగించండి, బార్ తిరగేసి వేయండి, ప్లగ్గు విప్పి చూడండి. ఇటుక రంగులో ఉంటే బాగుంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ అందుతోంది, నల్లగా తడిగా ఉంటే ఎక్కువ పడుతోంది, లేదా గాలి ఫిల్టరు మూసుకుంది. ఇవన్నీ సరిగా ఉండి కూడా చెయ్యి తిమ్మిరెక్కుతోందంటే అప్పుడు అనుమానం మిషను మీదే. డీలరు దగ్గరికి తీసుకెళ్ళి స్ప్రింగులు చూపించండి, బిల్లు వెంట పెట్టుకుని.

నమస్కారం.