మంత్రం సరే, అద్దె ఎవరు కడతారు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను చదవను.

క్వీర్ ఫాంటసీ నవలికలు, అంటే స్వలింగ ప్రేమికులో ట్రాన్స్‌జెండర్లో ముఖ్యపాత్రలుగా ఉండే మాయామంత్రాల కథలు, చదవమని చెప్పడానికి నిలబడ్డాను. నవలిక అంటే, సైన్స్ ఫిక్షన్‌కీ ఫాంటసీకీ ఇచ్చే హ్యూగో అవార్డు లెక్కన, 17,500 నుంచి 40,000 మాటలు. ఆ కాస్త చోటుకి ఒక్క మంత్రం, ముగ్గురు నలుగురు మనుషులు చాలు. ఏడుగురిని కుక్కితే పేర్లు గుర్తుంటాయి, మనుషులు గుర్తుండరు.

క్షుద్రవిద్య ఉన్న కథయితే ముందు ఒకటి చూడండి: ప్రయోగానికి ఖరీదు ఎవరు కడుతున్నారు? మంత్రం వేసిన ప్రతిసారీ వేసినవాడి జ్ఞాపకమో, చూపో, ఆయుష్షో కొంత పోవాలి. మన జానపద మాంత్రికుడు ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకుని నిక్షేపంగా ఉంటాడు, బలికి మాత్రం రాకుమారుడు కావాలి. మంచి నవలికలో ఆ సుఖం ఉండదు. చాలావరకు కథ చెడేది చివర్లో. అందరూ కలిసి ఏడవగానే పోయిన చూపు తిరిగొచ్చేస్తుంది. ఇక అప్పటిదాకా పడ్డ పాట్లకి విలువేముంది?

ఇక ఈ కథల్లో కుటుంబం. కన్నవాళ్లు గెంటేసినవాళ్లంతా ఒక చూరు కింద చేరడం. ఇది పడమటి సరుకంటారా? హిజ్రాల్లో గురువు, చేలా (అంటే శిష్యురాలు) వరస ఎప్పటిది! అందులో ఆదరణా ఉంది, తప్పుకి జరిమానా కూడా ఉంది. ఆ జరిమానానీ రాసిన కథనే నేను నమ్ముతాను.

చూరు అన్నాను కదా, నాకు మండేది అక్కడే. విజయవాడ సత్యనారాయణపురం వీధుల్లో టులెట్ బోర్డులు చూడండి: ‘ఫ్యామిలీస్‌కి మాత్రమే’. ఫ్యామిలీ అంటే ఎవరండీ? 2024 డిసెంబరులో, విజయవాడ అమ్మాయి తన సహచరి కోసం వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌లో (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెప్పించమనే అర్జీ అది), ఆ సహచరి కన్నవాళ్లు జోక్యం చేసుకోవద్దని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబానికి పెళ్లొక్కటే దారి కాదంది. బోర్డు మాత్రం గేటుకి అలాగే వేలాడుతోంది. ఈ హాల్లో ఇంటి ఓనర్లు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, వింటే చాలు.

ఏం చెబుతున్నాను... ఆఁ, కథలోని ఆ ఇల్లు. తాళపత్రాలకన్నా ముందు వంతుల లెక్క కనపడాలి. అద్దె ఎవరిది, బియ్యం ఎవరు తెస్తారు, జ్వరమొస్తే రాత్రి ఎవరు మేలుకుంటారు? ‘మనమంతా ఒక కుటుంబం’ అని పాత్ర చేత చెప్పించాల్సి వచ్చిందంటే రచయితకి చేతకాలేదన్నమాటే. ఇద్దరబ్బాయిల ప్రేమనే శాపంగా పెట్టి, ఆఖర్న విమోచనం ఇచ్చేవి అసలు కొనొద్దు.

బయట పుస్తకాల స్టాళ్లలో ఈ నవలికలు అడగండి. లేదంటే తెప్పించమనండి. ఒక్కరు అడిగితే పట్టించుకోరు, నలుగురు అడిగితే తెప్పిస్తారు.