మన డాబా మీద నుంచి ఒమేగా సెంటారీ ఫొటో

[తెర మీద: ఊరి వెలుతుర్లో బూడిదరంగు ఆకాశం, దక్షిణం వైపు]

సిటీలో ఉంటూ ఆకాశం ఫొటోలేం తీస్తాంలే అని చాలామంది కెమెరా బయటికే తియ్యరు. గెలాక్సీల విషయంలో ఆ మాట నిజమే. వాటి వెలుగు పల్చగా పరుచుకుని ఉంటుంది, వీధిలైట్లు మింగేస్తాయి. నక్షత్ర గుచ్ఛాలు అలా కాదు. ఒక్కో నక్షత్రం వెలుగంతా రెండు మూడు పిక్సెళ్లలోనే పడుతుంది కాబట్టి, వెనకాల ఆకాశం తెల్లబారినా చుక్క నిలబడుతుంది.

[తెర మీద: గుచ్ఛం ఫొటో]

నా దృష్టిలో మన ప్రాంతంవాళ్లు మొదట తియ్యాల్సింది ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం. దాదాపు కోటి నక్షత్రాలు, 17 వేల కాంతి సంవత్సరాల దూరం. అంత దూరాన ఉన్నా ఆకాశంలో పున్నమి చంద్రుడంత వెడల్పు! ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ దీన్ని నక్షత్రాల పట్టికలో రాసుకున్నాడు. 1677లో సెయింట్ హెలీనా దీవి నుంచి చూసిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ, ఇది మామూలు నక్షత్రం కాదని గుర్తించాడు. దీని నడుమ కనీసం 8,200 సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ ఉందనడానికి హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ ఫొటోల్లో ఆధారాలు దొరికాయని 2024లో ప్రకటించారు.

లండన్‌లో ఉన్న మనవాళ్లకు ఇది అసలు ఉదయించదు. డల్లాస్‌లో దిగంతం నుంచి పది డిగ్రీల ఎత్తుకు వస్తుంది. హైదరాబాద్‌లో 25, విజయవాడలో 26, తిరుపతిలో 29 డిగ్రీలు. దక్షిణం వైపు అపార్ట్‌మెంట్లు అడ్డం లేకపోతే చాలు.

ఎప్పుడు తియ్యాలి? పంచాంగం చూడండి. ఉగాది వెళ్లాక, చైత్ర బహుళంలో చివరి నాలుగైదు రోజులు. చంద్రుడు తెల్లవారుజాముకి గానీ రాడు. రాత్రి పదింటికీ పన్నెండింటికీ మధ్య చిత్త నక్షత్రం (స్పైకా) సరిగ్గా దక్షిణం మీదికి వస్తుంది. అక్కణ్నుంచి నిట్టనిలువుగా 36 డిగ్రీలు కిందికి దిగండి. చెయ్యి చాచి పట్టుకుంటే మూడున్నర పిడికిళ్లు.

[తెర మీద: ట్రైపాడ్ మీద కెమెరా]

పాత డీఎస్‌ఎల్‌ఆర్, 135 ఎంఎం లెన్స్, ట్రైపాడ్ ఉంటే సరిపోతుంది. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, రా (RAW) ఫార్మాట్, షటర్ 2 సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలవుతాయి. ఒమేగా సెంటారీ దక్షిణ ధ్రువం వైపు ఉంది కాబట్టి మెల్లగా జరుగుతుంది, సెకనుకు 10 ఆర్క్‌సెకన్లే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). అదే కృత్తికలైతే దాదాపు 14.

అన్నిటికన్నా ఫోకస్ ముఖ్యం. ఇక్కడ తొందరపడకండి. లెన్స్‌ని మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో చిత్తని పదింతలు పెద్దది చేసి చూడండి. రింగు వెంట్రుకవాసి తిప్పుతుంటే ఉబ్బిన చుక్క చిన్నదవుతూ వచ్చి, మళ్లీ ఉబ్బడం మొదలవుతుంది. బాగా చిన్నగా కనిపించిన చోటికి వెనక్కి తెచ్చి, రింగు మీద టేపు అంటించేయండి.

[తెర మీద: ఒక్క ఫ్రేమ్, తర్వాత స్టాక్ చేసిన ఫొటో]

గుచ్ఛాన్ని ఫ్రేములో కాస్త ఎడమకి పెట్టండి, అది కుడివైపు జరుగుతూ పోతుంది. ఇంటర్వెలోమీటర్‌తో (వరసగా ఫొటోలు దానంతటదే తీయించే పరికరం) 300 ఫ్రేములు తియ్యండి. ఆ కాసేపు డాబా మీద ఎవర్నీ నడవనివ్వకండి, స్లాబ్ అదిరితే ఫ్రేములు పాడవుతాయి. అయ్యాక మూత పెట్టేసి అదే సెట్టింగుల్లో ఇంకో 30. వీటిని డార్క్ ఫ్రేములంటారు. మన ఎండాకాలం రాత్రుల్లో సెన్సర్ వేడెక్కి ఎర్ర, నీలం మచ్చలు ఎక్కువొస్తాయి, అందుకే ఇవి మానకండి.

ఫ్రేములన్నీ ఒకటిగా కలపడానికి (స్టాక్ చెయ్యడానికి) సిరిల్ గానీ డీప్‌స్కైస్టాకర్ గానీ వాడండి, ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ఒక్క ఫ్రేములో మసకమచ్చలా ఉన్నది, 300 కలిపేసరికి అంచుల్లో ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలుగా విడిపోతుంది, నాయిస్ (ఫొటోలో గరుకుదనం) సుమారు 17వ వంతుకు తగ్గుతుంది. చివర్లో ఫొటో వెలుగు పెంచే కర్వ్స్ మరీ పైకి లాగకండి. నడిమధ్య తెల్లగా కాలిపోతే రెడ్ జెయింట్ (ఉబ్బిపోయిన ముసలి) నక్షత్రాల నారింజ రంగు పోతుంది, ఆ రంగు మళ్లీ తెప్పించలేం.