ఖోతాన్ గుర్రపు నాణెం

శ్రోతలకు నమస్కారం. తక్లమకాన్ ఎడారికి దక్షిణపు అంచున, నేటి చైనాలోని షిన్‌జియాంగ్‌లో, ఒకప్పుడు ఖోతాన్ రాజ్యం ఉండేది. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో అక్కడి రాజులు వేయించిన రాగి నాణెం గురించి ఈ ప్రసంగం. ఒక వైపు గుర్రం ఉంటుంది. కొన్నిటి మీద రెండు మూపురాల ఒంటె. దాని చుట్టూ ఖరోష్ఠి అక్షరాలు, అంటే గాంధారం వైపు వాడిన పాత లిపి. తిప్పి చూస్తే చైనా లిపి.

రెండు లిపులు కనబడగానే ఒకే మాటను రెండు భాషల్లో రాశారనుకుంటాం. ఇక్కడ అలా కాదు. గుర్రం వైపు ప్రాకృతంలో ‘మహారాజు, రాజాధిరాజు, ఖోతాన్ రాజు గుర్గమోయది’ అని ఉంటుంది. చైనా వైపు రాజు ఊసే లేదు. ‘బరువు 24 ఝులు, రాగి నాణెం’ అని మాత్రమే ఉంటుంది. నాణెం ఎవరిదో ఒక ముఖం చెబుతుంది, ఎంతో రెండో ముఖం చెబుతుంది.

ఝు అంటే ఎంత? చైనాను ఏలిన హాన్ వంశపు కొలతలో 100 వరిగ గింజల తూకం. గ్రాముల్లో సుమారు 0.65. మన కంసాలులు తూచిన గురిగింజలతో అయితే అయిదు పైచిలుకు. 24 ఝులు కలిస్తే ఒక లియాంగ్, అంటే 15.6 గ్రాములు. చిన్న నాణెం మీద ‘6 ఝుల నాణెం’ అని ఉంటుంది, అంటే పెద్దదానిలో సరిగ్గా పావు వంతు. బాక్ట్రియా, అంటే నేటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతంలో, గాంధారంలో గ్రీకుల నుంచి వచ్చిన ద్రాక్మా, నాలుగు ద్రాక్మాల నాణేల మధ్య ఉన్నదీ ఈ నిష్పత్తే. తూర్పు నుంచి వచ్చిన వర్తకుడికి తూకం తెలుస్తుంది, పడమటి నుంచి వచ్చినవాడికి లెక్క కుదురుతుంది. ఎంత చక్కటి ఏర్పాటు!

తయారీ మాత్రం పూర్తిగా పడమటి పద్ధతి. క్రీస్తు పూర్వం 118 నుంచి చైనాలో చెలామణి అయిన 5 ఝుల నాణేన్ని కరిగించిన లోహంతో పోతపోసేవారు. దండగా గుచ్చడానికి నడుమ చదరపు బెజ్జం ఉండేది. ఖోతాన్ నాణేనికి బెజ్జం లేదు. రాగి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అచ్చు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి. బిళ్ల కాస్త పక్కకు జరిగినా అంచు అక్షరాలు పడవు. బిరుదుల తర్వాత చివర వచ్చే రాజు పేరు అలా పోయిందంటే చదివేవాడికి తిప్పలే.

ఖరోష్ఠిని కుడి నుంచి ఎడమకు చదవాలి. దీర్ఘాలకు వేరే గుర్తు లేదు, ‘మహారాజ’ అన్నది ‘మహరజ’గానే కనబడుతుంది. త, ద, ర ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అరిగిన నాణెం మీద తేడా పట్టడం కష్టం. అందుకే ఒకే నాణేన్ని చూసి పేరు తేల్చకూడదు. ఒకే అచ్చున పడిన నాణేలను పక్కపక్కన పేర్చి, ఒకదానిలో పోయిన అక్షరాన్ని మరొకదానిలో వెతకాలి.

కాలం తేల్చడం ఇంకా కష్టం. నాణెం మీద సంవత్సరం లేదు. క్రీస్తు శకం 73లో హాన్ సేనాని బాన్ చావ్ ఖోతాన్‌కు వచ్చినప్పుడు గ్వాంగ్‌ద అనే రాజు లొంగిపోయాడని చైనా చరిత్ర చెబుతుంది. కానీ చైనా రాతల్లోని పేర్లకూ నాణేల మీది పేర్లకూ పొత్తు కుదరదు. చెవికి దగ్గరగా వినిపించిందని ముడిపెడితే మోసపోతాం. పైగా చాలా నాణేలు తవ్వకాల్లో పొరల వారీగా దొరికినవి కావు. ఖోతాన్ పాత రాజధాని ఉన్న చోటైన యోత్కాన్ దగ్గర స్థానికులు బంగారం కోసం మట్టి కడుగుతుంటే బయటపడ్డాయి. ఏ పొరలో, దేనితో కలిసి ఉందో తెలియనప్పుడు కాలానికి పట్టు దొరకదు.

పాత రాగి నాణెం మీ చేతికి వస్తే చెంబును తోమినట్టు చింతపండుతో తోమకండి. ఆ పులుపు పచ్చని పొరను తినేస్తుంది, దానితోపాటే సన్నని అక్షరపు గీతలూ పోతాయి.

మన శాతవాహనులూ రెండు భాషల్లో వెండి నాణేలు వేయించారు. రాజు బొమ్మ ఉన్న వైపు ప్రాకృతం, వెనుక దక్షిణాది భాష. అది తమిళమని కొందరు, ఆనాటి తెలుగని కొందరు అంటారు. అక్కడ మాత్రం రెండు వైపులా రాజు పేరే: ముందు ‘సిరి సాతకణిస’, వెనుక ‘తిరు హాతకణికు’. ముందువైపు చివరనున్న ఆ ‘స’ ప్రాకృతంలో షష్ఠీ విభక్తి. ఖోతాన్ గుర్రం చుట్టూ తిరిగే అక్షరాల్లో, గుర్గమోయ పేరు చివర ఉన్నదీ అదే ‘స’.