ములుగులో భూమి కదిలితే చోటెలా దొరికింది?

అందరికీ నమస్కారం. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా మంచం ఊగడం, వంటింట్లో గిన్నెలు గలగలమనడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం, ఇటు హైదరాబాద్‌లో, అటు విజయవాడలో కూడా తెలిసింది. కాసేపటికే టీవీలో "కేంద్రం ములుగు" అని స్క్రోలింగ్. ఎవరూ ఆ అడవిలోకి వెళ్లి చూడలేదు కదా, మరి ఎలా తెలిసింది?

ఒకే స్టేషన్ నుంచి ఒకేసారి ఎక్స్‌ప్రెస్, పాసింజర్ బయలుదేరాయనుకోండి. రెండూ మన ఊరికి ఎంత తేడాతో వచ్చాయో చూస్తే అవి ఎంత దూరం నుంచి వచ్చాయో చెప్పొచ్చు. భూకంపంలో ఎక్స్‌ప్రెస్ పీ తరంగం, రాతిని నొక్కుతూ సాగదీస్తూ సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు పరిగెత్తుతుంది. పాసింజర్ ఎస్ తరంగం, అడ్డంగా ఊపుతూ మూడున్నర కిలోమీటర్ల చొప్పున వస్తుంది, గట్టిగా ఊపేది ఎక్కువగా ఇదే. రెండింటి మధ్య తేడా సెకన్లను 8తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. హైదరాబాద్‌కి ఆ తేడా 25 సెకన్ల పైచిలుకు ఉండాలి, అంటే 200 కిలోమీటర్లు దాటి.

దూరం తెలిసింది, దిక్కు తెలియలేదు. అందుకే భూకంపాన్ని రికార్డు చేసిన కనీసం మూడు స్టేషన్ల చుట్టూ, ఒక్కోదానికి వచ్చిన దూరంతో వృత్తాలు గీస్తాం, అవి కలిసేచోటే భూకంప కేంద్రం. పుస్తకాల్లో అవి చక్కగా ఒకే చుక్కలో కలుస్తాయి, నిజంలో మాత్రం చిన్న త్రిభుజం మిగులుతుంది, ఎందుకంటే దారిలో రాయి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. లోతు ఇంకా తలనొప్పి. తొలి రిపోర్టుల్లో తరచూ "10 కి.మీ. లోతు" అని చూస్తుంటారే, చాలాసార్లు అది కొలిచింది కాదు, లోతు తేలక ముందు పెట్టుకున్న అంకె. తర్వాత మారిస్తే వాట్సాప్‌లో "దాస్తున్నారు" అంటారు, అదొక బాధ.

ఈ తరంగాలను రికార్డుల్లో విడదీసి చూపిన ఓల్డ్‌హామ్ మన దేశంలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్తే, 1897 అస్సాం భూకంపాన్ని శోధించినవాడు. 1960ల్లో అణు పరీక్షలను పసిగట్టడానికి అమెరికా ప్రపంచమంతా భూమి కదలికను రికార్డు చేసే ఒకే రకం యంత్రాలు పెట్టించింది. బాంబుల కోసం పెట్టినవే భూకంపాల చోట్లనూ కచ్చితంగా చెప్పాయి! ఆ చోట్లన్నీ పటం మీద చుక్కలుగా పెడితే సన్నటి గీతల్లా పేరుకున్నాయి, అవే ఫలకాల, అంటే భూమి పైపొరలో కదిలే పెద్ద ముక్కల, అంచులు. సుమత్రా దగ్గరైతే చుక్కలు సముద్రపు కందకం నుంచి దీవి కిందికి ఏటవాలుగా దిగుతాయి, ఒక ఫలకం ఇంకోదాని కిందికి దూరుతున్న జాడ అది. 2004 సునామీ ఆ అంచు నుంచే వచ్చింది.

మరి ములుగు? ఏ అంచు మీదా లేదు. గోదావరి లోయ అడుగున కోట్ల ఏళ్ల నాటి పగుళ్లు ఉన్నాయి, ఉత్తరాన హిమాలయాల దగ్గర మన ఫలకం ఢీకొంటున్న ఒత్తిడి ఇక్కడిదాకా చేరుతుంది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది కూడా ఈ లోయలోనే.

ఇప్పుడు ఒక భూకంపం రికార్డు తెర మీద వేస్తున్నాను. పీ ఎక్కడ మొదలైందో, ఎస్ ఎక్కడ మొదలైందో ముందు వరసలోని పిల్లలు వచ్చి వేలు పెట్టి చూపించండి, దూరం లెక్క కడదాం.