పండక్కి ఇల్లు బేరం, అత్త సంతకం

బుజ్జి: ఆయ్, నమస్కారమండి అందరికీ. ఈ వారం మామ్మ మండువాలో గచ్చు మీద కూర్చుని మాట్లాడుతున్నాం. వెనకాల చప్పుడొస్తే అవి పావురాలు, ఏమీ అనుకోకండి. పక్కన మా మేనత్త కూతురు, మా వదిన కూడా ఉంది. వదినా, మైకు దగ్గరికి జరుగు.

వదిన: జరిగాను.

బుజ్జి: సరే, ఈ వారం అనుకున్నది రెండు సంగతులు. పండగ రోజుల్లో ఇల్లు అమ్మకానికి పెడితే ఎలా ఉంటుంది, పండగ సరుకు ఊళ్ళోనే ఎలా కొనుక్కోవాలి. రెండూ ఇప్పుడు మా ఇంట్లోవే. భోగి ఇంకా ఐదు రోజులుంది, ఈ ఇల్లు అమ్ముతున్నాం.

వదిన: అమ్ముతున్నాం అనకు. అమ్మాలనుకుంటున్నారు.

బుజ్జి: సరే, అమ్మాలనుకుంటున్నాం. అందరూ ముందు అడిగేది పుష్యమాసంలో ఇల్లు బేరమేంటని. నిజమేనండి, శూన్యమాసమని అడ్వాన్సు ఎవరూ ఇవ్వరు. కానీ చూసుకోడానికి అడ్డేముంది? మా అంబాజీపేట వైపు హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నవాళ్ళంతా సంక్రాంతికే దిగుతారు. కొనేవాళ్ళూ అప్పుడే ఊళ్ళో ఉంటారు, అమ్మేవాళ్ళ అన్నదమ్ములూ అప్పుడే ఉంటారు. అందుకే చూపించడం పుష్యంలో, రాతకోతలు మాఘంలో.

వదిన: మాఘం వచ్చాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. కాగితాలు ఇప్పుడే సర్దుకోవాలి.

బుజ్జి: కాగితాలకి వద్దాం. ముందు ఇల్లు చూపించే వేళ చెప్తాను. మా మండువాలో పన్నెండింటికి ఎండ నిలువునా పడుతుంది. గచ్చు మీద పలకలా నిలబడుతుంది వెలుగు, నాలుగు వసారాలూ కనపడతాయి. అప్పుడు చూపించాలి. సాయంత్రం నాలుగింటికి తీసుకొస్తే అంతా చీకటిగుహే. రెండోది, పడమటి గదిలో దూలానికి చెద పట్టింది. రంగు కొట్టించెయ్యమని ఒకాయన సలహా ఇచ్చాడు. కొట్టించలేదు. వచ్చినవాళ్ళకి నేనే నిచ్చెన వేసి చూపిస్తున్నా. ధర ఓ లక్ష తగ్గితే తగ్గనీ, ఈ ఊళ్ళో రేపు మళ్ళీ మొహం చూపించాలి.

వదిన: అది బాగా చేశావు.

బుజ్జి: ఇంకోటి. వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి పెట్టాలి కదా, మేం పూతరేకులు పెడుతున్నాం. అవి హైవే మీద డబ్బాల్లోవి కావండి. ఆత్రేయపురం వెళ్ళి, రేకు వేసే ఆవిడ ఇంట్లో...

వదిన: మొదలెట్టాడు.

బుజ్జి: మొదలెట్టనీ. 2023లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని చట్టం వేసే ముద్ర, మనవాళ్ళంతా ఫోనుల్లో తెగ పంపుకున్నారు. ఆ రేకు ఎలా వస్తుందో ఎంతమంది చూశారు? కుండ బోర్లించి ఉంటుంది, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళల్లో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. కళ్ళు మూసి తెరిచేలోపు రేకు లేస్తుంది. అవతల మనిషి మొహం కనపడేంత పల్చన! ఆవిడ వేళ్ళ చివర్లు చూశాను వదినా. కాలి కాలి నున్నగా అయిపోయాయి, గీతల్లేవు. వేలిముద్ర మిషను తీసుకోవట్లేదంది. డబ్బా మీద మాత్రం కొట్టువాడి బొమ్మ ఉంటుంది.

వదిన: అదిగో, సంతకం లేని చెయ్యి. మాట దానంతటదే వచ్చింది. కాగితాలకి వద్దామా?

బుజ్జి: వద్దాం. ఈసీ తీయించాం. అంటే ఈ ఆస్తి మీద ఎవరు ఎవరికి ఏం రాశారో, తాకట్టు ఉందో లేదో చెప్పే పత్రం. లింకు దస్తావేజులు, అంటే ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు, పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఒకచోట పెట్టుకోండి. గ్రామకంఠంలో, అంటే ఊళ్ళో ఇళ్ళకని వదిలిన పాత స్థలంలో, ఇళ్ళకి చాలాచోట్ల దస్తావేజే ఉండదు, మాకు అదృష్టవశాత్తూ ఉంది. అడ్వాన్సు 20 వేలు, ఆపైన అయితే నగదుగా తీసుకోకండి, తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా కట్టాలి. బాబాయి న్యూజెర్సీలో ఉన్నాడు కనక అక్కడి మన కాన్సులేటులో స్పెషల్ పవర్, అంటే తన బదులు ఇక్కడ సంతకం పెట్టే అధికారం, రాయించి పంపుతున్నాడు. అది ఇక్కడికొచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఆయన వాటా మీద టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, కొనేవాళ్ళు వేరే రేటులో కోయాలి, ఎన్నారై కదా. ఇక అత్త సంతకం...

వదిన: ఇక అత్త సంతకం. అందరివీ అయిపోయాక చివర్న.

బుజ్జి: అట్టా అనకు. వరసలో చెప్తున్నా.

వదిన: ఆ వరసే అడుగుతున్నా నేను. అమెరికాలో ఉన్న చిన్న మామయ్య సంతకం కోసం కాన్సులేటు దాకా వెళ్ళారు. యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మా అమ్మని పోయినేడు కనుమనాడు ఎలా అడిగారు? చెప్పు.

బుజ్జి: వదినా, అది ఇంటి సంగతి.

వదిన: ఇల్లు అమ్మడం గురించే కదా ఎపిసోడు! వినేవాళ్ళల్లో ఎంతమంది ఇళ్ళల్లో ఇదే జరుగుతోందో. నేను చెప్తాను. విస్తళ్ళు తీయకముందే పళ్ళెంలో చీర, పసుపు కుంకుమ తెచ్చి పెట్టారు. చీర కింద కాగితం. హక్కు విడుదల పత్రం, అంటే నా వాటా వదులుకున్నానని రాసిచ్చేది. పెన్ను కూడా పళ్ళెంలోనే. అమ్మ చీర తీసి సంచిలో పెట్టుకుంది, కాగితం పళ్ళెంలోనే వదిలేసింది. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

(కాసేపు నిశ్శబ్దం)

బుజ్జి: నాకు చీర వరకే తెలుసు.

వదిన: మామయ్య నీకేం చెప్పారు?

బుజ్జి: నాన్న లెక్క ఏంటంటే, అత్త పెళ్ళి 1983లో అయింది. ఎన్టీఆర్ ఆడపిల్లలకి వాటా ఇచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకి. కాబట్టి చట్టప్రకారం లేదు, సంతకం కొనేవాళ్ళ తృప్తి కోసం అని.

వదిన: ఆ 85 చట్టం ఉమ్మడి ఆస్తికి బుజ్జీ. తాతముత్తాతల నుంచి వచ్చినదాంట్లో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది. అక్కడ కూడా 2005లో కేంద్రం సవరించాక పెళ్ళయిందా లేదా అన్న ప్రశ్న పోయింది. అప్పటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీం కోర్టు తేల్చింది. సరే, అదంతా పక్కన పెట్టు. ఈ ఇల్లు ఎవరిది?

బుజ్జి: మామ్మది.

వదిన: దస్తావేజు నీ ఒళ్ళోనే ఉంది. చదువు.

బుజ్జి: (కాగితాల చప్పుడు) 1968. క్రయ దస్తావేజు. 18 సెంట్లు, పెంకుటిల్లు, నుయ్యి, 11 కొబ్బరిచెట్లు... కొన్నవారు... మామ్మ పేరే.

వదిన: డబ్బెక్కడిదో తాత జమాఖర్చు పుస్తకంలో ఉంది, నువ్వే చూపించావు నాకు. "కాసులపేరు అమ్మిన సొమ్ము" అని పచ్చసిరాతో రాశారు. ఆవిడ కాసులపేరు, ఆవిడ ఇల్లు. తాత ముందే పోయారు. అమ్మమ్మ వీలునామా రాయలేదు. అప్పుడు వచ్చేది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. ఆడమనిషి ఆస్తి కొడుకులకీ కూతుళ్ళకీ సమానం. పెళ్ళి ఎప్పుడయిందని ఆ చట్టం అడగదు. మామయ్యకొకటి, చిన్న మామయ్యకొకటి, అమ్మకొకటి. మూడు వాటాలు. 85 దాకా, 2005 దాకా పోనక్కర్లేదు.

బుజ్జి: చట్టం సంగతి ఒప్పుకుంటా. కానీ నా మాటా విను. మామ్మ మంచాన పడ్డ రెండేళ్ళూ చూసింది అమ్మా నాన్నా. పెంకులు రెండుసార్లు నేయించారు. పన్నెండేళ్ళు ఇంటి పన్ను కట్టారు. హుద్‌హుద్‌కో దేనికో కొబ్బరిచెట్టు పడితే గోడ కట్టించారు...

వదిన: హుద్‌హుద్ విశాఖ వైపు కొట్టింది రా.

బుజ్జి: ఏదో గాలివాన! గోడైతే పడింది కదా. అదంతా ఎవరి లెక్కలో?

వదిన: ఆ లెక్క రాయమను. అమ్మిన సొమ్ములోంచి ఆ ఖర్చు ముందు మామయ్య తీసుకోమను. మా అమ్మ ఒక్క రూపాయికి కాదనదు, నేను హామీ. మిగిలినది మూడు భాగాలు. ఆ తర్వాత తన భాగం అన్నయ్యకే ఇచ్చేస్తానంటే ఆవిడ ఇష్టం. ఇవ్వడానికి ముందు అది ఆవిడదని ఒకళ్ళు నోటితో అనాలి కదా. అమ్మమ్మకి ఆఖరి రోజుల్లో జుట్టు దువ్వింది మీ అమ్మే, అది మా అమ్మ ఎప్పుడూ చెప్తుంది. మీ అమ్మకేం రాసిచ్చారు ఎవరైనా? ఆవిడ పుట్టింట్లోనూ ఇలాగే చీర పెట్టి సంతకం చేయించుకుని ఉంటారు. అడిగావా ఎప్పుడైనా?

బుజ్జి: ...లేదు.

వదిన: అడుగు.

బుజ్జి: అత్త ఏమంటోంది? అంటే, అమ్మొద్దంటోందా?

వదిన: అనట్లేదు. కొనేవాళ్ళు ఇక్కడ కాపురముంటారా, పడగొట్టి గోడౌను వేస్తారా అని అడిగింది. ఇద్దరు వచ్చారట కదా?

బుజ్జి: ఇద్దరు. కాకినాడ ఆయన ఎక్కువ ఇస్తానన్నాడు, ఆయనకి స్థలమే కావాలి. రెండోవాళ్ళు మన ఊరివాళ్ళే, కొబ్బరి పీచు వ్యాపారం. పిల్లలిద్దరు. వాళ్ళావిడ వచ్చీ రాగానే నుయ్యి దగ్గరికెళ్ళి నీళ్ళు తోడి తాగి చూసింది. ధర కొంచెం తక్కువ.

వదిన: ఈ ముక్క అమ్మకి ఎవరూ చెప్పలేదు.

బుజ్జి: నేను చెప్తాను. ఇవాళే చెప్తాను.

వదిన: సరే. నీ పూతరేకులకి రా ఇప్పుడు.

బుజ్జి: రాలేను ఇప్పుడు. (నవ్వు) కాదు, వస్తాను. సరుకు సంగతి చెప్పాలి కదా, సగం టైము అయిపోయింది. రేగిపళ్ళు, చెరుకుగడలు, ముగ్గు సంతలోనే. అరిసెలకి కొత్త బియ్యం మన చేలోవి, బెల్లం అనకాపల్లిది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థం ఉండనే ఉంది. కొత్తగా వినేవాళ్ళకి చెప్తున్నా, పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, ప్రభల మీద, అంటే వెదుళ్ళతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రాల మీద, వచ్చి ఒక కొబ్బరితోటలో కలుసుకుంటారు. 2023 రిపబ్లిక్ డే పరేడులో మన రాష్ట్ర శకటం ఇదే. గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏటి నీళ్ళల్లోంచి భుజాల మీద దాటి వస్తాయి, పచ్చటి చేలు తొక్కుకుంటూ వస్తాయి. చేను తొక్కారని ఏ రైతూ అనడు, శివుడు నడిచాడంటాడు. అక్కడ జీళ్ళు కొనండి, ఖర్జూరం కొనండి, పిల్లలకి బూర కొనండి. అమ్మేవాళ్ళకి ఏడాదిలో పెద్ద బేరం ఆ ఒక్క రోజే.

వదిన: అన్నట్టు, అమ్మకి పెట్టిన చీర ఎక్కడిదో తెలుసా? సిటీలో పెద్ద షాపుది. ఇక్కడ అమలాపురం దాటకుండా బండారులంకలో మగ్గాలున్నాయి. అమ్మ చిన్నప్పుడు ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేదట, నేతగాళ్ళ అమ్మాయి ఆవిడ స్నేహితురాలు.

బుజ్జి: అవునా? నాకీ సంగతి ఎవరూ చెప్పలేదే.

వదిన: నీకు పూతరేకులు తప్ప ఏం వినపడదు.

బుజ్జి: అయితే ఈసారి అత్తని తీసుకుని బండారులంక వెళ్దాం. అత్తే చూసి తీసుకుంటుంది. నేను కొంటాను.

వదిన: కాగితం లేకుండా.

బుజ్జి: కాగితం లేకుండా. వచ్చేటప్పుడు అటు ఆత్రేయపురం...

వదిన: బండారులంక ఎక్కడ, ఆత్రేయపురం ఎక్కడ!

బుజ్జి: రావులపాలెం మీదుగా తిరిగొస్తే ఎంతసేపు? బాబాయికి రెండు డబ్బాలు పంపాలి. బెల్లంవే. పంచదారవి అక్కడికెళ్ళేసరికి మెత్తబడిపోతున్నాయంటున్నాడు.

వదిన: గేటు చప్పుడవుతోంది, చూడు.

బుజ్జి: దింపు వాళ్ళు, కొబ్బరికాయలు దింపడానికి. పండగ ముందు దింపు తీయమన్నాడు నాన్న. జాగ్రత్త బాబూ, నుయ్యి వైపు వెయ్యకండి! వదినా, మైకు లోపల పెట్టు, కాయ పడితే కష్టం.

వదిన: ఒరేయ్, ఈ కాయల డబ్బు ఇన్నేళ్ళూ ఎవరి లెక్కలోకి వెళ్ళింది?

బుజ్జి: ఆగు, ముందు కాయలు లెక్కపెట్టనీ. పుస్తకం తే. తాత పుస్తకమే, అందులో ఇంకా తెల్లకాగితాలున్నాయి.